పంపు ఆపేసిన మూడు వారాలు

మా బాబు 28 వారాలకే పుట్టాడు. బరువు 1,050 గ్రాములు. ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి సర్ఫాక్టెంట్ మందు, వెంటిలేటర్, తర్వాత ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్. గర్భం లెక్కప్రకారం 36 వారాలు వచ్చినా ఆక్సిజన్ తీస్తే ఉండలేకపోయాడు. బీపీడీ (బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా) అన్నారు. ఊపిరితిత్తుల్లో గాలి సంచులు పూర్తిగా తయారుకాకముందే పుట్టిన పిల్లల్లో మిగిలిపోయే జబ్బు అది.

ఇంటికొచ్చాక ప్రతి జలుబూ ఛాతీలోకి దిగేది. నాలుగేళ్లకి జలుబు లేకపోయినా రాత్రుళ్లు దగ్గు, తెల్లవారుజామున పిల్లికూతలు. వాడి వీపు మీద చెయ్యి వేసుకుని పడుకునేదాన్ని. కూత మొదలైతే చెవికంటే ముందు చేతికి తెలిసేది.

డాక్టరుగారు బుడెసొనైడ్ పంపు రాశారు, అంటే ఊపిరితో పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. పంపుకి తగిలించే స్పేసర్ డబ్బాకి మాస్క్ పెట్టి పొద్దున 100, రాత్రి 100 మైక్రోగ్రాములు. రెండు వారాల్లో దగ్గు తగ్గింది. "స్టెరాయిడ్ అటమ్మా, పిల్లాడు ఎదగడు, అలవాటైపోతుంది" అన్నారు అత్తయ్య. ప్రేమతోనే అన్నారు. అసలే వాడు తోటిపిల్లల కంటే పొట్టి. ఎవరికీ చెప్పకుండా పంపు ఆపేశాను. మూడు వారాలు బాగానే ఉన్నాడు.

భోగి తెల్లవారుజామున వీధిలో మంట వేశారు. పొగ వరండాలోకి వచ్చింది. ఏడు గంటలకల్లా వాడి డొక్కలు ఎగురుతున్నాయి. "అమ్మా", ఒక ఊపిరి, "నీళ్లు". రెండు రాత్రులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు.

పంపు ఆపేశానని అక్కడ ఏడుస్తూ ఒప్పుకున్నాను. డాక్టరుగారు తిట్టలేదు. చీటీ వెనక లెక్క వేసి చూపించారు. ఆ రోజు వాడికి నోటితో తాగించిన స్టెరాయిడ్ 20 మిల్లీగ్రాములు. పంపులో రోజంతటికీ కలిపి 200 మైక్రోగ్రాములు, తూకంలో నూరో వంతు. రెండు మందుల బలం ఒకటి కాదని కూడా ఆయనే చెప్పారు. కానీ నాకు అర్థం కావాల్సింది అర్థమైంది. దేనికి భయపడ్డానో దాన్నే నా చేతులారా వాడి ఒంట్లోకి ఎక్కువ పంపాను. ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఎత్తు సంగతీ ఆయన దాచలేదు. అమెరికా, కెనడాల్లో ఉబ్బసం పిల్లలకు రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తే, పెద్దయ్యాక ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తగ్గిందట. ఊపిరాడని రాత్రుల పక్కన పెట్టి చూస్తే అది నాకు చిన్నదే. అయినా మూడు నెలలకోసారి తలుపు పక్కన గీత గీస్తున్నాం.

బీపీడీ, ఉబ్బసం ఒకటే అని నేను అనుకునేదాన్ని. కాదట. పుట్టినప్పుడు దెబ్బతిన్న భాగాన్ని పంపు బాగుచేయలేదు. ఉబ్బసంలాంటి వాపు ఉన్నవాళ్లకే బాగా పనిచేస్తుంది, అందరికీ కాదు. ఆరేళ్లు వచ్చాక వాడి చేత పరీక్ష యంత్రం గొట్టంలోకి ఊదించి, ఊపిరి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ మందు ఇచ్చి మళ్లీ ఊదించారు. ఊదే బలం 14 శాతం పెరిగింది. 12 దాటితే ఊపిరి గొట్టాలు మందుకి తెరుచుకుంటున్నట్టే లెక్క అన్నారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు వాడికి ఏడేళ్లు. ఏడాదిగా ఆస్పత్రి ముఖం చూడలేదు. డాక్టరుగారే మోతాదు రోజుకు ఒకసారికి తగ్గించారు. పంపు కొట్టాక వాడే ఊపిరి లెక్కపెట్టుకుంటాడు, నోరు పుక్కిలించి ఉమ్మేస్తాడు. పుక్కిలించకపోతే నోట్లో తెల్లపూత వస్తుందని వాళ్ల నానమ్మకి వాడే చెప్పాడు.

మొన్న భోగికి పిడకల దండ వాడే గుచ్చాడు. కిటికీ తలుపులు వేసి అద్దంలోంచి మంట చూస్తూ నిలబడ్డాడు. దండ నానమ్మ తీసుకెళ్లి మంటలో వేసి వచ్చారు.