నాటిక ఆడటానికి అనుమతి తెచ్చుకున్నాం: నా అనుభవం

అనుమతి పత్రం నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. మా నాటక సమాజం ఈసారి ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవంతో మొదలుపెట్టి నెలకొకటి చొప్పున నాలుగు ప్రదర్శనలు వేస్తోంది. కార్యదర్శిని నేనే కాబట్టి కాగితాల పనంతా నా మీదే పడింది. ఇదే పని మీద తిరగబోయే సమాజాలవాళ్ళకి పనికొస్తుందని వెంటనే రాసేస్తున్నాను.

హాలు తేలిగ్గానే దొరికింది. మైకు పర్మిషనూ అంతే. టికెట్ 100 రూపాయలు పెట్టాం. నాటకం టికెట్ 500 దాటకపోతే జీఎస్టీ లేదు.

నాలుగింటిలో మూడింటికి ఎవరినీ అడగక్కర్లేదు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ వరకే కాపీరైట్. వీరేశలింగంగారి ప్రహసనం, గురజాడవారి కన్యాశుల్కం ఎప్పుడో అందరివీ అయిపోయాయి. తిరుపతి వేంకట కవుల పద్యనాటకం దగ్గర మాత్రం మా కమిటీలో వాదన నడిచింది. ఇద్దరు కలిసి రాసినప్పుడు చివరగా పోయినవారి నుంచి లెక్క వెయ్యాలి. తిరుపతిశాస్త్రిగారు 1920లో పోయారు, చెళ్ళపిళ్ళవారు 1950లో. అంటే 2010తో గడువు తీరింది. ఈ లెక్క తేల్చింది నేనే. నాటకాల్లో పాతికేళ్ళుగా ఉన్నవాళ్ళు కూడా విని ఒప్పుకున్నారు.

నాలుగోది సాంఘిక నాటిక. రచయిత పోయి పదేళ్ళు కూడా కాలేదు. అమెచ్యూర్ సమాజం టికెట్ లేకుండా ఆడితే అనుమతి అక్కర్లేదని చట్టంలోనే ఉంది. 'ఫ్రీగా వేసేద్దాం, ఈ తిరుగుడు ఉండదు' అని మావాళ్ళే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఊరికే చూపించీ చూపించీ నాటకానికి డబ్బులివ్వడం జనానికి అలవాటు తప్పించింది మనమే. మేకప్ ఆయనకి, హార్మోనిస్టుకి ఇచ్చినట్టే రాసినవాళ్ళకీ ఇవ్వాలి.

నాటిక పుస్తకం వేసిన ప్రచురణ సంస్థ విజయవాడలో ఉంది. మా దర్శకుడుగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయనకి డెబ్బై దాటాయి. అక్కడి మేనేజరు ఆయన్ని కూర్చోమనలేదు. 'ఏంటి, ఏం కావాలి?' అన్నాడు. ఖాళీ కుర్చీ మీద పుస్తకాల కట్ట ఉంది, అది తియ్యనూ లేదు. నేను లెటర్‌హెడ్ మీద టైపు చేయించిన ఉత్తరం ఇస్తే చదవకుండానే బల్ల మీద పెట్టి దాని మీద టీ గ్లాసు పెట్టాడు. గ్లాసు తీసేసరికి మా సమాజం పేరు చుట్టూ గుండ్రంగా మరక. 'నాటకాలోళ్ళకి హక్కులేంటమ్మా, ఆడుకుంటే ఆడుకోండి' అన్నాడు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే, వెంటనే 'హక్కులన్నీ మావే, 25,000 అవుతుంది' అన్నాడు. రసీదు ఇస్తారా అంటే, అవన్నీ ఉండవట. దర్శకుడుగారు బయటికొచ్చాక బస్టాండు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా 'సార్ లేరు, రేపు చెయ్యండి' తప్ప ఇంకో జవాబు లేదు. కరపత్రం ప్రెస్సుకి పంపే రోజు దగ్గర పడుతుంటే టెన్షన్.

నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో న్యాయనిర్ణేతగా వెళ్ళే ఒక పెద్దాయన రచయితగారి అమ్మాయి ఫోన్ నంబరు ఇచ్చారు. ఆవిడ రాజమహేంద్రవరంలో ఉంటారు. 'నాన్న నాటిక ఆడతారా అండీ!' అని ఎంత సంబరపడ్డారో. నాన్నగారి ఫైల్లో 2004 నాటి ఒప్పందం వెతికి ఫొటో తీసి పంపారు. ఒకటే పేజీ. 'ముద్రణ హక్కులు' అని మాత్రమే ఉంది, ప్రదర్శన ఊసే లేదు. గడువూ రాయలేదు. ఏ హక్కు ఇస్తున్నారో రాతలో ఉంటేనే అది వాళ్ళకి వెళ్తుంది, గడువు రాయకపోతే అయిదేళ్ళకే తీరిపోతుంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అంటే ఆడే హక్కు వాళ్ళకి ఎన్నడూ లేదు, అచ్చు వేసుకునే హక్కు కూడా 2009లోనే పోయింది. ఆ మాట చెప్తే ఆవిడ కాసేపు ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే మొన్నమొన్ననే ఇంకో ముద్రణ వచ్చింది, ఇంటికి ఒక్క కాపీ కూడా పంపలేదట.

ప్రదర్శనకి 3,000 రాయల్టీ అనుకున్నాం. ఆవిడా, తమ్ముడుగారూ ఇద్దరూ సంతకం పెట్టారు. ఒక్కరి సంతకంతో సరిపెట్టుకోకండి, వారసులందరిదీ ఉండాలి. ఎన్ని ప్రదర్శనలో, ఏ ఊళ్ళోనో, వీడియో తీసి పెట్టొచ్చో లేదో అన్నీ పత్రంలో రాయించండి. ప్రచురణకర్తల దగ్గరికి మాత్రం ముందు వెళ్ళొద్దు. పుస్తకం వెనక అట్ట మీద 'సర్వహక్కులూ మావే' అని ఉన్నా నమ్మొద్దు.

ఇవాళ పొద్దున అదే మేనేజరు ఫోన్ చేశాడు. మా హాలు ముందు పుస్తకాల స్టాలు పెట్టుకుంటామని అడిగాడు, ఈసారి 'మేడమ్' అన్నాడు. కుదరదని చెప్పాను. ఆ స్థలంలో రచయితగారి అమ్మాయి దగ్గరున్న పాత ప్రతులు అమ్మకానికి పెడుతున్నాం.