యూసీడ్‌కి ప్రిపేర్ అవుతున్నారా? ముందు చూడటం అలవాటు చేసుకోండి

డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్షలైన యూసీడ్, ఎన్‌ఐడీ డ్యాట్ రాయబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: బ్యాలెన్స్, కాంట్రాస్ట్, హైరార్కీ (ఏది ముందు కనిపించాలనే క్రమం), అలైన్‌మెంట్ లాంటి డిజైన్ సూత్రాలన్నీ ఏ పుస్తకంలో చదవాలక్కా అని. నిర్వచనాలైతే ఒక్క పూటలో వచ్చేస్తాయి. కానీ పేపర్లో బొమ్మ ఇచ్చి, అందులో ఏం జరుగుతోందో కనిపెట్టమంటారు, లేదా మీ చేతే గీయిస్తారు. అందుకే నా ప్రిపరేషన్‌లో ఎక్కువ భాగం ఇంట్లో దొరికిన కాగితాల మీదే సాగింది.

అన్నిటికన్నా బాగా పనికొచ్చింది పెళ్లి శుభలేఖ. ఒకటి తీసుకుని కళ్లు సగం మూసి చూడండి. అక్షరాలు మసకబారి ముద్దల్లా కనిపిస్తాయి. కన్ను ముందుగా ఏ ముద్ద మీద పడితే, ఆ కార్డు అదే ముందు చెబుతున్నట్టు లెక్క. చాలా శుభలేఖల్లో వినాయకుడు, అంచున లతలు, శ్లోకం, బంధుమిత్రుల అభినందనలు అన్నీ ఒకే బరువుతో ఉంటాయి. ముహూర్తం ఎన్నింటికో, ఫంక్షన్ హాల్ ఎక్కడో వెతుక్కోవాలి. అదే విషయాన్ని తెల్ల కాగితం మీద ఒక్క పెన్సిల్‌తో మళ్లీ వేసి చూశాను. వధూవరుల పేర్లు పెద్దగా రాసి, తేదీ, ముహూర్తం, వేదిక దగ్గర దగ్గరగా పెట్టి, తల్లిదండ్రుల పేర్లను కాస్త దూరం జరిపాను. మధ్యలో గీత కొట్టకపోయినా రెండూ విడివిడిగా తెలిశాయి. ప్రాక్సిమిటీ అంటే ఇదే. తర్వాత వరుసలన్నిటినీ ఎడమ అంచుకు జరిపాను. చదవడం సులువైంది, పెళ్లికళ మాత్రం తగ్గింది. ఇలా ఏది మారిస్తే ఏం మారిందో ప్రతిసారీ పక్కనే రాసుకునేదాన్ని. డిజైన్ ప్రశ్నలకు భయపడకపోవడం నాకు ఆ రాతల వల్లే వచ్చింది.

విడివిడి ముక్కల్ని కన్ను ఒక్క బొమ్మగా ఎలా చూస్తుందో చెప్పే గెస్టాల్ట్ సూత్రాలు మాత్రం కూర్చుని చదవాల్సిందే. దగ్గరగా ఉన్నవాటిని, ఒకేలా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా కలిపేస్తుందని మనస్తత్వవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో వట్టి చుక్కలతో, గీతలతో చూపించాడు. వన్యప్రాణుల సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లోగోలోని పాండాని గమనించండి. దాని తల పైభాగానికి గీతే లేదు. నల్ల మచ్చలు చూసి మిగతాది మనమే పూరించుకుంటాం. అది క్లోజర్. ఏది బొమ్మ, ఏది వెనక ఖాళీ అని కన్ను విడదీసుకోవడమే ఫిగర్-గ్రౌండ్. దానికి ఒకసారి కూజాలా, ఒకసారి ఎదురెదురు ముఖాల్లా కనిపించే రూబిన్ కూజా బొమ్మ ఒక్కటి బాగా అర్థమైతే చాలు.

సిమెట్రీకి ముగ్గుల పుస్తకాన్ని మించింది లేదు. కొన్ని మెలికల ముగ్గుల్ని మధ్యకి మడిస్తే రెండు సగాలూ కలవవు. పావు చుట్టు తిప్పితే మాత్రం మళ్లీ అచ్చం అలాగే ఉంటాయి. అంటే అద్దం సిమెట్రీ లేదు, తిప్పుడు సిమెట్రీ ఉంది. యూసీడ్ పార్ట్ ఏలో బొమ్మల్ని తిప్పే ప్రశ్నలు వచ్చినప్పుడు ఈ అలవాటే కాపాడుతుంది.

ఇక పార్ట్ బీ డ్రాయింగ్. బస్టాండ్ సీన్ గీయమన్నారనుకోండి, వెంటనే పెద్ద బొమ్మ మొదలుపెట్టకండి. ముందు అగ్గిపెట్టెంత డబ్బాల్లో మూడు నాలుగు రకాలుగా వేసి, ముఖ్యమైన మనిషి ఎక్కడుంటే బాగుంటుందో తేల్చుకోండి. తర్వాత హొరైజన్ గీత, అంటే మీ కంటి ఎత్తులో అడ్డంగా సాగే గీత పెట్టండి. మీరు సమతలం మీద నిలబడి చూస్తున్న దృశ్యమైతే, మీ అంత ఎత్తున్నవాళ్లు దగ్గరున్నా దూరంగా ఉన్నా వాళ్ల కళ్లు ఆ గీత మీదే పడతాయి. దూరం వెళ్లేకొద్దీ పాదాలే పైకి జరుగుతాయి. చాలామంది దూరపు మనుషుల్ని చిన్నగా గీసి, తలల్ని గీత కిందకి దించేస్తారు. దాంతో వాళ్లు గుంటలో నిలబడ్డట్టు కనిపిస్తారు. షేడింగ్‌లో అన్నిటికన్నా ముదురు నలుపుని ముఖ్యమైన మనిషి దగ్గరే వాడి, మిగతా చోట్ల పెన్సిల్ తేలిగ్గా పోనివ్వండి. టైమ్ అయిపోయి మూలలు ఖాళీగా మిగిలినా బొమ్మ నిలబడుతుంది.

పాత పేపర్లు ఐఐటీ బాంబే యూసీడ్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. పార్ట్ ఏకి రెండు గంటలు, పార్ట్ బీకి గంట చొప్పున, మధ్యలో లేవకుండా రాయండి. న్యాట్ ప్రశ్నలకు, అంటే జవాబును అంకెల్లో టైప్ చేసేవాటికి, నెగటివ్ మార్కుల్లేవు కాబట్టి వాటిలో ఒక్కటి కూడా ఖాళీగా వదలకండి.