ఫ్రెంచి సినిమా చదువుతున్న మా అమ్మాయి

1962లో యానాం విలీన ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వాన్నే ఉంచుకోవాలని నిర్ణయించుకున్న కుటుంబాలలో మా తాతగారిది ఒకటి. మేము పారిస్ శివారులో స్థిరపడడానికి మూలం అదే కనుక, అమెరికాలోని మా బంధువుల ఇళ్లలో రోజూ నలిగే వీసాల గొడవ మాకు తెలియదు. పిల్లల చదువుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లకూ మాకూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ చదువు ఎందుకని. మా అమ్మాయి సాఁ-దెనీలోని పారిస్-8 విశ్వవిద్యాలయంలో సినిమా ప్రధానాంశంగా మూడేళ్ల డిగ్రీ చదువుతున్నదని చెబితే, కాకినాడలో ఉన్న మా పెద్ద మామయ్య కాసేపు ఆగి, "నటన నేర్పుతారా అమ్మా?" అని అడిగారు. నటన కాదని, సినిమా చరిత్ర, సిద్ధాంతం, విశ్లేషణ, వాటితో పాటు కొంత చిత్రీకరణ ఉంటాయని వివరించాను. సినిమాలు చూడడానికి కాలేజీ ఎందుకన్న మాట ఆయన పైకి అనలేదు గాని, వెనక నుంచి అత్తయ్య అనేసింది.

ఫ్రాన్సులో ఈ ప్రశ్న వేసేవారు అరుదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాఁ కఫేలో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి సినిమా ప్రదర్శన ఇచ్చిన సంగతి అందరూ చెప్పుకునేదే. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది, పాత రీళ్లను పారవేయకుండా దాచాలన్న పట్టుదలతో ఆఁరీ లాంగ్లువా, జార్జ్ ఫ్రాంజు తదితరులు 1936లో సినెమతెక్ ఫ్రాఁసేజ్ అనే సినిమా భాండాగారాన్ని స్థాపించడం. 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వం లాంగ్లువాను పదవి నుంచి తప్పిస్తే దర్శకులూ ప్రేక్షకులూ వీధులకెక్కారు. మూడు నెలలు తిరగకుండానే ఆయనను మళ్లీ తీసుకోక తప్పలేదు. రీళ్లు భద్రపరిచే మనిషి ఉద్యోగం కోసం ఊరేగింపులు జరిగిన దేశంలో సినిమా డిగ్రీకి సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. ఆ ఏడాది మే నెల విద్యార్థి ఆందోళనల తరువాత వాఁసెన్‌లో ప్రయోగాత్మకంగా మొదలైన విద్యాకేంద్రమే 1980లో సాఁ-దెనీకి మారింది. అదే ఇప్పటి పారిస్-8. డిగ్రీ నమోదు రుసుము ఏడాదికి రెండు వందల యూరోలలోపే అన్నప్పుడు మాత్రం మామయ్య ముఖం విప్పారింది. ఐరోపా బయటి నుంచి వచ్చే విద్యార్థులకు అధికారిక రుసుమును 2019లో అనేక రెట్లు పెంచారు కనుక, కొన్ని చోట్ల మినహాయింపులు ఉన్నా, యానాం నుంచో గుంటూరు నుంచో నేరుగా వచ్చే పిల్లలు ఈ లెక్కను నమ్ముకోకూడదని కూడా చెప్పాను.

మొదటి ఏడాదిలో మా అమ్మాయిని మార్చిన అభ్యాసం సన్నివేశ విశ్లేషణ. నాలుగైదు నిమిషాల సన్నివేశాన్ని తీసుకుని, అందులో షాట్లు ఎన్ని, కెమెరా ఎక్కడ ఉంది, ఎవరి చూపు ఎటు పోయింది, సంగీతం ఎక్కడ ఆగి అడుగుల చప్పుడు ఎక్కడ మొదలైంది, ఇవన్నీ రాసిన తరువాతే దాని అర్థం గురించి నోరు విప్పాలి. బాగుందనో ఏడుపొచ్చిందనో రాస్తే మార్కులు రావు. ఫ్రెంచి దర్శకుడు త్రుఫో 1959లో తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం చివర కుర్రవాడు సముద్రం వైపు పరుగెత్తే సుదీర్ఘమైన షాటును ఆమె భోజనాల బల్ల మీద లాప్‌టాప్‌లో వెనక్కీ ముందుకీ తిప్పుతూ ఉంటే, మా వారు కథేమిటని అడిగారు. "కథ తరువాత నాన్నా, ముందు కెమెరా ఎందుకు ఆగలేదో చూడాలి" అన్నది.

ఈ అలవాటు మా ఆదివారపు తెలుగు సినిమా మీద కూడా పడింది. కథానాయకుడు రాబోయే ముందు చెప్పులు, పిడికిలి, వీపు చూపించి ముఖాన్ని ఎంతసేపు దాచారో ఆమె లెక్కపెడుతుంది. ఒకప్పుడు పాట రాగానే లేచి పోయే పిల్ల, ఇప్పుడు ఆ పాట అక్కడే ఎందుకు వచ్చిందని నిలదీస్తుంది. సినిమా నడుస్తుండగా ఇంత మాట్లాడడం నాకు నచ్చదు. అయినా శనివారం తరగతిలో గుణింతాలు మాత్రమే నేర్చుకున్న పిల్ల తెలుగులో వాదించడం నేర్చుకున్నది ఈ సినిమాల మీదనే కనుక ఊరుకుంటాను.

రెండో ఏడాది వలస పాలన కాలపు సినిమా మీద ఒక పాఠం ఉంది. 1934 నాటి లావాల్ ఉత్తర్వు ప్రకారం ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలలో సినిమా తీయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పారిస్‌లోని సినిమా విద్యాసంస్థ ఇదెక్‌లో చదివిన ఆఫ్రికా దర్శకుడు పోలాఁ సుమానూ వియెరా, తన ఖండంలో కెమెరా పట్టే వీలు లేక, 1955లో మిత్రులతో కలిసి పారిస్‌లోని ఆఫ్రికన్ల జీవితాన్నే చిత్రించాడు. ఆ వ్యాసం రాస్తూ ఆమె యానాంలోని మా అమ్మకు ఫోను చేసి, "అమ్మమ్మా, ఫ్రెంచివాళ్లున్నప్పుడు మన ఊళ్లో ఎవరైనా సినిమా తీశారా?" అని అడిగింది. తీసినవాళ్లెవరినీ తాను చూడలేదని, తమకు సినిమా అంటే మద్రాసులో తయారై కాకినాడ హాళ్లకు వచ్చే తెలుగు బొమ్మలేనని అమ్మ చెప్పింది.

నాకూ మా అమ్మాయికీ కుదరనిది ఫ్రెంచి దర్శకుడు లూయి మాల్ దగ్గర. ఆయన 1968లో భారతదేశంలో చిత్రించి మరుసటి ఏడాది ఏడు భాగాల టెలివిజన్ డాక్యుమెంటరీగా విడుదల చేశాడు. బీబీసీ దానిని ప్రసారం చేసినందుకు ఆగ్రహించిన భారత ప్రభుత్వం 1970లో ఆ సంస్థ ఢిల్లీ కార్యాలయాన్ని మూయించింది. రెండో భాగం మద్రాసు గురించినది, అందులో ఒక తమిళ సినిమా చిత్రీకరణ కూడా ఉంది. జనం కెమెరావైపు తేరిపార చూసే చూపులను మాల్ కత్తిరించకుండా ఉంచాడని, తాను చొరబడినవాడినని దాచుకోలేదని మా అమ్మాయి మెచ్చుకుంటుంది. నాకు స్టూడియో సన్నివేశం మీద వ్యాఖ్యానంలో వెటకారమే వినిపించింది. ఆ రోజుల్లో తెలుగు సినిమాలు కూడా అదే నగరపు స్టూడియోలలో తయారయ్యేవి. మా అమ్మ కాకినాడలో చూసి ఏడ్చినవి అవే. మాస్టర్స్‌లో రాయవలసిన పరిశోధన వ్యాసానికి ఆ మద్రాసు భాగాన్నే తీసుకోవాలని ఆమె అనుకుంటున్నది. అలాగైతే ఆ స్టూడియోలలో పనిచేసిన తెలుగువారిలో ఇప్పటికీ ఉన్నవారిని కలిసి వాళ్ల మాటలు అందులో చేర్చాలని నేను అంటున్నాను. అప్పుడది మాల్ సినిమా మీద వ్యాసం కాదు, వేరే పుస్తకం అవుతుందంటూ ఆమె ఇంకా ఒప్పుకోవడం లేదు.