వాల్వు సాకెట్: చవగ్గా, కానీ గట్టిగా

ఆడియో యాంప్లిఫయర్లలో వాడే ఈఎల్84 వాల్వుకి (గాజు వాక్యూమ్ ట్యూబ్) సాకెట్ నేనే డిజైన్ చేస్తున్నాను. 11.9 మి.మీ. వృత్తం మీద 36 డిగ్రీలకో పిన్ను, మొత్తం తొమ్మిది. పదో చోటు ఖాళీ. ఆ బొమ్మ గీయడం ఎంతసేపు!

అసలు పని స్ప్రింగుది. పిన్నులు నేరుగా గాజులోంచే బయటికొస్తాయి. సాకెట్లో కాంటాక్టు (పిన్నుని పట్టుకునే లోహపు ముక్క) కదలకుండా బిగుసుకుని ఉంటే, కాస్త వంకరున్న పిన్ను ఒత్తిడంతా గాజు మీదే పడుతుంది. వెంట్రుకంత పగులు చాలు, గాలి చొరబడి లోపలి వెండి పూత తెల్లబడిపోతుంది. వాల్వు పోయినట్టే. అందుకే రెండు ఫైబర్‌గ్లాస్ పీసీబీల (సర్క్యూట్ బోర్డుల) మధ్య, స్ప్రింగులా సాగే రాగి మిశ్రమం ఫాస్ఫర్ బ్రాంజ్‌తో చేసిన కాంటాక్టుల్ని కొంచెం అటూ ఇటూ ఆడేలా వదులుతున్నాను. అవి ఆడాలి, కానీ పిన్నుని మాత్రం గట్టిగా పట్టుకోవాలి. వాల్వుని లోపల వేడిచేసే తీగ, అంటే హీటరు, 0.76 ఆంపియర్లు లాగుతుంది. పట్టు వదులై 0.2 ఓమ్‌ల నిరోధం చేరినా 0.15 వోల్టు అక్కడే వేడిగా పోతుంది.

త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేస్తే ఇంకా చవక కదా అంటారు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, బాగా వేడెక్కే ఈ వాల్వు కింద పెట్టకండి.

యానోడు (వాల్వులో ఎక్కువ వోల్టేజీ ఉండే కొస) 7వ పిన్ను, 250 వోల్టుల దాకా ఉంటుంది. అందుకే పక్కనున్న 6, 8 పిన్నుల చుట్టూ బోర్డు మీద రాగి అసలు ఉంచడం లేదు.