మల్లెపూలకి కూడా ఎంగిలా

మేముండేది న్యూజెర్సీలో. మా చిన్నోడికి తోట అంటే లాన్, శనివారం వాళ్ళ నాన్న మిషన్‌తో గడ్డి కొట్టడం, అంతే. ఒకేడు ఇంటిముందు బీరపాదుకి పందిరేస్తే వారం తిరక్కుండానే తీసెయ్యమని కాలనీవాళ్ళ లెటరు. కరివేపాకు కుండీ అయితే చలి మొదలవగానే లోపలికి మొయ్యాలి, మళ్ళీ మే దాకా బయట పెట్టే ధైర్యం చెయ్యను.

ఈ సెలవలకి తిరుపతి వచ్చాం. అమ్మవాళ్ళిల్లు తిరుచానూరు రోడ్డు పక్కన, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయినా వెనకాల రవ్వంత దొడ్డి మిగుల్చుకున్నారు, మల్లె, కనకాంబరం, గోడవారగా పారిజాతం. సాయంత్రం అమ్మ తడిపిన అరటినార కాలి బొటనవేలికి తగిలించుకుని అటు రెండు ఇటు రెండు మొగ్గలు పెట్టి మెలేస్తా ఉంటే వీడు గుప్పెడు తీసి ముక్కుకి ఆనించుకున్నాడు.

"అయ్యో నాయనా, వాసన చూడగూడదు, ఎంగిలైపోతాయి, సామికి పెట్టేవి!"

"నేను నాకలేదు కదా అవ్వా?"

అన్నంలో ఎంగిలి వాడికి తెలుసు, నా గ్లాసులో తాగనివ్వను కాబట్టి. ముక్కుకీ ఎంగిలుంటుందని ఇంగ్లీషులో చెప్పబోయి నేనే వదిలేశా.

మర్నాడు కొండకి పోయేముందు అమ్మ తన కొప్పులో పూలు తీసి పక్కన పెట్టేసింది. కొండమీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్ళు పెట్టుకోరు. ఇదేం రూలు అని వీడు మొదలుపెట్టాడు. క్యూలో ఎటూ కదలట్లేదు కదా అని అనంతాళ్వార్ కథ చెప్పా, రామానుజులు పూలసేవకి ఎవరెళ్తారంటే చలికి భయపడకుండా ఈయనొక్కడే వచ్చి తోట వేశాడని, చెరువు తవ్వేటప్పుడు నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోస్తుంటే ఒక పిల్లాడు సాయం పట్టాడని, నా సేవలో నువ్వెవడివని ఈయన గునపం విసిరితే గడ్డానికి తగిలిందని, తీరా చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం. అందుకే అక్కడ పచ్చకర్పూరం పెడతారు.

"కుట్లు వెయ్యలేదా?" అన్నాడు. ముందున్న పెద్దాయన పగలబడి నవ్వాడు. మహాద్వారం దగ్గర వేలాడే ఆ గునపాన్ని తోపులాటలోనే ఎత్తి చూపించా, బరువైన బిడ్డ, నడుం పట్టేసింది.

తిరిగొచ్చాక సెప్టెంబర్లో మా కుండీ మల్లెకి మూడంటే మూడు పూశాయి. వీడు ఊపిరి బిగబట్టి, బుగ్గలుబ్బించుకుని కోసుకొచ్చి దేవుడి దగ్గర పెట్టబోతే, వాళ్ళ నాన్న మధ్యలో వంగి "ఆహా, ఏం వాసన్రా" అన్నాడు. ఇంక చూడండి ఏడుపు.