జిరాఫీ పైన వదిలిన ఆకాశం

నైరోబీలో నేను పనిచేసే ప్రింటింగ్ షాపులో సింహం బొమ్మలకు గిరాకీ బాగానే ఉంటుంది. వాటిని ఎక్కువగా ఆఫీసులకు, హోటళ్ల రిసెప్షన్లకు కొంటారు. పడకగదికి, మెట్ల పక్క గోడకు, పిల్లల డాక్టరు దగ్గర జనం కూర్చునే వరండాకు మాత్రం జిరాఫీనే అడుగుతారు. కొత్తల్లో ఇది నాకు అంతుపట్టలేదు. రోజూ ఆ బొమ్మల మధ్యే ఉంటున్నాను కాబట్టి ఇప్పుడు కొంత తెలిసింది.

విజయవాడలో నాది ఫ్లెక్సీల పని. పుట్టినరోజులు, షాపుల ఓపెనింగులు, పార్టీ మీటింగులు. ఫ్లెక్సీ మీద జానెడు ఖాళీ కనబడితే చాలు, "అక్కడ మా బావమరిది ఫొటో పట్టేది కదా" అనేవాళ్లు. పైన పెద్ద నాయకులు, పక్కన వరుసగా తలలు, కింద పేర్లు. డబ్బులిచ్చేవాళ్లకు ప్రతి అంగుళం నిండాలి, అందులో తప్పేమీ లేదు. రంగులు కలపడం, మెషీన్ విప్పి బాగుచేయడం ఆ పనిలోనే నేర్చుకున్నాను. ఇక్కడ ఉద్యోగం దొరికిందీ దాని వల్లే. ఫ్లెక్సీ పోయి కాన్వాస్ రోల్ వచ్చింది, అంతకన్నా పెద్ద తేడా ఉండదనుకున్నాను.

తేడా ఖాళీలో ఉంది. మంచి జిరాఫీ ఫొటోలో జిరాఫీ కింద ఓ పక్కన ఉంటుంది, మిగతాదంతా ఆకాశమే. ఓసారి ఒక హోటల్ మేనేజర్ అలాంటి ఫొటో తెచ్చి, పైన ఉన్నదంతా కోసేసి జంతువును పెద్దది చేయమన్నాడు. మా ఫ్రేముల మేస్త్రి కంబా తెగ మనిషి. కెన్యాలో చెక్క జిరాఫీలు చెక్కడంలో పేరున్నది వాళ్లకే, ఈయన ఇంట్లోనూ అదే పని. ఆయన ఆ ఫొటోను కాసేపు చూసి నాతో, "ఆకాశం తీసేస్తే అది జూలో జంతువు అయిపోతుంది బ్రదర్" అన్నాడు. మేనేజర్‌కు రెండు రకాలుగానూ టెస్ట్ ప్రింట్ తీసి గోడకు ఆనించాం. ఆయన ఆకాశం ఉన్నదే తీసుకెళ్లాడు.

మగ జిరాఫీ పద్దెనిమిది అడుగుల దాకా పెరుగుతుంది. ఆ ఎత్తు తెలియాలంటే చుట్టూ చోటుండాలి. దగ్గరగా కోస్తే మెడ, మచ్చలు కనబడతాయి తప్ప ఎత్తు కనబడదు. మెడ అంత పొడవున్నా అందులో ఎముకలు ఏడే, మనకున్నన్నే. అందుకే అది మెడ వంచితే తాడులా మెలికలు తిరగదు, నిదానంగా ఒక వంపు వస్తుంది. ఫొటోగ్రాఫర్లు గంటలు గంటలు కాచుకునేది ఆ వంపు కోసమే.

వాళ్లు ఎక్కువగా వెళ్లేది నైరోబీ నేషనల్ పార్కుకు. 1946లో పెట్టిన పార్కు, 117 చదరపు కిలోమీటర్లు, ఊరిని ఆనుకునే ఉంటుంది. తుమ్మ జాతి ముళ్ల చెట్ల మధ్య జిరాఫీ, దాని వెనకాలే ఊళ్లోని ఎత్తైన భవనాలు. పార్కు మీదుగా ఇప్పుడు రైలు వంతెన కూడా వెళుతుంది. దాని స్తంభాలను జిరాఫీలు కింద నుంచి నడిచివెళ్లేంత ఎత్తులో కట్టారు. సెలవు రోజు మా వాళ్లతో కలిసి వెళ్లినప్పుడు డ్రైవర్ ఒక సంగతి చెప్పాడు. నాలుగైదు జిరాఫీలు మేత మానేసి ఒకే వైపు చూస్తుంటే ఆ దిక్కున సింహం ఉండొచ్చట, గైడ్లు బండిని అటే పోనిస్తారట.

అది విన్నాక నేను ప్రింట్ చేసే ఫొటోలు నాకు వేరుగా కనబడసాగాయి. గోడ మీది జిరాఫీని చూసి అందరూ "ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. అది ప్రశాంతంగానే నిలబడుతుంది, కానీ ఏమరుపాటుగా కాదు. చెవులు నిక్కబొడిచి, పెద్ద కళ్లతో చుట్టూ చూసుకుంటూ, అరవకుండా, ఉరకకుండా ఉంటుంది. జాగ్రత్తగా ఉంటూ కంగారు పడకపోవడం ఆ బొమ్మలో ఉంది. ఇంటికి దూరంగా, వర్క్ పర్మిట్ కాగితాల టెన్షన్‌తో బతికే నాలాంటివాడికి అది బాగా ఎక్కుతుంది.

పని సంగతి ఒకటి చెప్పాలి. కాన్వాస్‌ను చెక్క ఫ్రేముకు బిగించేటప్పుడు నాలుగు వైపులా అంగుళంన్నర దాకా పక్కలకు మడత పడుతుంది. పైన చోటు వదలకపోతే కొమ్ములు ఆ మడతలోకి పోతాయి. ఆ పొట్టి కొమ్ముల కొసన నల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటే సాధారణంగా ఆడది. మగవి తలలతో కొట్టుకుంటాయి కాబట్టి వాటి కొసలు బోడిగా అయిపోతాయి. ఇంత చిన్న వివరం కూడా బొమ్మలో నిలవాలని నాకు పట్టుదల. వీటి సంఖ్య బాగా తగ్గింది కూడా. 1985లో లక్షన్నర దాకా ఉన్నవి 2015 నాటికి లక్షలోపుకు పడిపోయాయి. ఇక్కడి మసాయి జిరాఫీని 2019లో అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో చేర్చారు.

ఈమధ్య ఊళ్లోని పార్క్‌లాండ్స్ పేట నుంచి ఒక తెలుగావిడ వచ్చింది. "అన్నయ్యా, పులులు, సింహాలు ఇంట్లో వద్దని మా అత్తయ్యగారు ఫోన్లో ఒకటే పోరు. జిరాఫీ అయితే పర్లేదన్నారు" అంది. మసాయి జిరాఫీ ఫొటో ఒకటి ఆమెకు బాగా నచ్చింది. కాకపోతే అది ఎడమకు చూస్తోంది, వాళ్ల సోఫాకు కుడికి చూడాలి. "తిప్పి వేసేయండి, కంప్యూటర్లో ఒక్క క్లిక్కే కదా" అంది.

ఒక్క క్లిక్కే, నిజమే. కానీ ఏ జిరాఫీ మచ్చలు ఆ జిరాఫీవే. పుట్టినప్పటి ఆకారాలే చివరిదాకా ఉంటాయి, వయసుతో రంగు ముదురుతుందంతే. ఒక పక్కనున్న మచ్చలు రెండో పక్కన ఉండవు. పరిశోధకులు పక్క నుంచి తీసిన ఫొటోలతోనే ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. తిప్పేస్తే ఆ మచ్చలతో అటు చూసే జిరాఫీ ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. అదే ఆమెకు చెప్పాను. ఫొటో తీసినాయన కూడా తిప్పడానికి ఒప్పుకోడనీ, కావాలంటే కుడికి చూసేది వేరే ఉందనీ చెప్పి, అది తెరిచి చూపించాను.

రెండూ చూసింది. ఇంటికి వెళ్లి వాళ్లాయనతో మాట్లాడి ఫోన్ చేసింది. "మొదటిదే వేయండన్నయ్యా. సోఫా మేమే అటు జరుపుకుంటాం."