సెయింట్ ఐవ్స్ చర్చిలో జాజ్

ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో, హార్బర్ పక్కనే ఉన్న సెయింట్ ఐయా చర్చిలో నిన్న సాయంత్రం జాజ్ ట్రియో విన్నాం. పియానో, డబుల్ బాస్, డ్రమ్స్, అంతే. 15వ శతాబ్దపు గ్రానైట్ కట్టడం. రాతి గోడల మధ్య శబ్దం ఓ పట్టాన అణగదు, గట్టిగా వాయిస్తే అంతా కలగలిసిపోతుంది. అందుకే డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి దాదాపు కచేరీ అంతా సన్నని తీగల బ్రష్‌లతోనే నడిపించాడు. ఎడమచేతి బ్రష్ స్నేర్ డ్రమ్ మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది, కుడిచెయ్యి అక్కడక్కడ చిన్నగా తట్టింది. ముందు వరసలో ఉన్నాం కాబట్టి ఆ తీగల రాపిడి కూడా వినిపించింది.

బాస్ సోలో మొదలవగానే నాకు బాస్ వాద్యకారుడు స్కాట్ లఫారో గుర్తొచ్చాడు. 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ జాజ్ క్లబ్‌లో పియానిస్ట్ బిల్ ఎవాన్స్, డ్రమ్మర్ పాల్ మోషియన్‌లతో వాయించాడు. రెండు వారాలు తిరక్కుండానే కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్లే! బాస్ అంటే వెనక నిలబడి లయ పట్టడమే కాదు, పియానోతో సమానంగా మాట్లాడగలదని చూపించిన మనిషి.

విరామంలో, చర్చిలోనే మేరీమాత పేరిట ఉన్న చిన్న ప్రార్థనా మందిరం లేడీ చాపెల్‌లో, శిల్పి బార్బరా హెప్‌వర్త్ చెక్కిన తల్లీబిడ్డల శిల్పం చూశాను. 1953లో విమాన ప్రమాదంలో చనిపోయిన కొడుకు పాల్ జ్ఞాపకంగా చేసింది. దాని ముందు నిలబడితే గొంతు పట్టేసింది.

వేసవిలో ఇటు వచ్చే మనవాళ్లు బీచ్ చూసుకుని వెళ్లిపోకండి. చర్చి తలుపు మీద కచేరీల కాగితం అంటించారేమో ఓసారి చూడండి.